గుడ్లగూబ తాత పుస్తకం

సోమవారం సోమవారం నా బల్ల మీదికి ఒక కాగితం వస్తుంది. దానికి మేము పెట్టుకున్న పేరు ‘దొరకని మాటలు’. తెచ్చేది జాబితా అమ్మాయి. ముప్పై అయిదేళ్ళ మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, అయినా నాకు అమ్మాయే. మా లైబ్రరీలోని ఇరవై రెండు వేల పుస్తకాల వివరాలనూ చెక్క సొరుగుల్లోని పాత కార్డుల నుంచి తీసి ఇంటర్నెట్లో ఎక్కించింది ఆమే. రెండేళ్ళు పట్టింది. తీరా ఎక్కించాక చూస్తే, ఇంట్లో కూర్చుని వెతికేవాళ్ళకు పుస్తకాలు కనబడటం లేదు. అరలో ఉన్న పుస్తకాన్ని కూడా లేదనే చెబుతోంది యంత్రం.

“ఎక్కడ తప్పుచేశానో తెలియట్లేదు అమ్మమ్మా” అంటూ ఒకరోజు నా గదిలోకి వచ్చి తల పట్టుకుని కూర్చుంది.

తెర మీద చూపించింది. ‘గృహోపయోగ విద్యుత్ పరికరముల మరమ్మతు విధానము’ అని ఉంది.

“ఫ్యాను ఆగిపోయి చెమటలు కక్కుతున్నవాడు ఇదంతా కొడతాడా తల్లీ? ‘ఫ్యాను తిరగట్లేదు’ అని కొడతాడు.”

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ జోడీ కుదిరింది.

నేను ఇక్కడ పుస్తకాలు కుట్టే మనిషిని. విరిగిన వెన్నులు, ఊడిన అట్టలు, చీలిన పేజీలు నా దగ్గరికి వస్తాయి. ఉద్యోగం ఎప్పుడో అయిపోయింది. ఇంట్లో ఉంటే వెళ్ళిపోయినవాళ్ళు గడప దాటిన చప్పుడే చెవుల్లో తిరుగుతూ ఉంటుంది, అందుకని వారానికి నాలుగు రోజులు వచ్చి కుడతాను. నా గదికీ కౌంటరుకీ మధ్య ఉన్నది ఒక చెక్క తడికే. జనం పుస్తకాలను ఏమని అడుగుతారో యాభై ఏళ్ళుగా వింటున్నాను. ‘ఎర్ర అట్ట వంటల పుస్తకం’ అంటారు. ‘చివర్లో కుక్క చచ్చిపోతుందే, అది’ అంటారు. అసలు పేరుతో అడిగినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

జనం ఏం కొట్టి వెతికారో, దేనికి ఏమీ దొరకలేదో యంత్రం రాసిపెడుతుందట. ఎవరు కొట్టారో మాత్రం చెప్పదు. ఆ మాటలను ఆమె సోమవారం అచ్చు తీసి తెస్తుంది. అది ఏ పుస్తకమో నేను చెబుతాను. ఆ పుస్తకం వివరాల కింద ‘జనం పిలిచే పేర్లు’ అని ఒక వరుస పెట్టి ఆమె చేరుస్తుంది. తర్వాత వెతికినవాడికి దొరుకుతుంది. ఆరు నెలల్లో నాలుగు వందల పుస్తకాలను ఇలా దుమ్ములోంచి లేపాం.

ఆ సోమవారం నేను ఒక భూగోళం పుస్తకాన్ని కుడుతున్నాను. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని చదవడం మొదలుపెట్టింది.

“నిద్ర పట్టడం లేదు.”

“నీలం అట్ట, వైద్యం అర, కింది వరస.”

“మా నాన్న చదివిన ఓడ పుస్తకం.”

“వీడి నాన్న ఎవడో మనకేం తెలుసు? ఓడల పుస్తకాలు మూడున్నాయి. మూడిట్లోనూ పెట్టు, వాళ్ళ నాన్ననే అడిగి తేల్చుకుంటాడు.”

ఆమె నవ్వింది. “ఇదొకటి నన్ను చంపుతోంది అమ్మమ్మా. మూడుసార్లు వెతికారు. పిల్లల కథేమోనని పిల్లల అర మొత్తం తిరగేశా. గుడ్లగూబ ఉంది, తాత ఉన్నాడు, ఇద్దరూ ఒక పుస్తకంలో లేరు. గుడ్లగూబ తాత పుస్తకం, అట.”

సూది నా బొటనవేలిలో దిగింది. దిగినట్టు కూడా తెలియలేదు. భూగోళం మీద రక్తం చూసి ఆమె కేక పెట్టింది.

“ఇంకోసారి చదువు.”

“ముందు వేలు కడుక్కోండి.”

“చదవమన్నానా!”

చదివింది. ఆ పేరు తెలిసినవాళ్ళు ఈ భూమి మీద ఇద్దరే. ఒకదాన్ని నేను. రెండోవాడు మా తమ్ముడు. వాడు ఇల్లు విడిచి వెళ్ళి నలభై ఎనిమిదేళ్ళయింది.

ఆ పుస్తకం గడియారాల మరమ్మతు గురించి. అట్ట మీద ఒక ముసలాయన బొమ్మ, కంటికి గుండ్రటి భూతద్దం బిగించుకుని మన వంక చూస్తుంటాడు. వాడికి పన్నెండేళ్ళప్పుడు దాన్ని చూసి, “అక్కా, గుడ్లగూబ తాత!” అన్నాడు. అంతే, పేరు పడిపోయింది. వాడికి గడియారాల పిచ్చి. నాన్నకు కలప దుకాణం, వాడు రంపం పట్టాలని ఆయన పంతం. ఇద్దరికీ రోజూ ఉప్పూ నిప్పూ. మధ్యలో నేను.

నేను అప్పటికి చదువు రానిదాన్ని. అంకెలు పోల్చుకునేదాన్ని, అంతే. బైండరు దగ్గర జిగురు కలిపే పనికి ఈ లైబ్రరీలో చేరి, చూస్తూ చూస్తూ కుట్టడం కూడా నేర్చుకున్నాను. వాడు సాయంత్రం పూట ఆ పుస్తకమే తెచ్చి నాకు అక్షరాలు నేర్పేవాడు. నాకు ఎక్కేవి కావు. వాడేమో ఎంతో ఆశగా చూసేవాడు. ఏం చేయను? వాడు చదివిన పేజీలను బొమ్మల గుర్తు మీద బట్టీపట్టి అప్పజెప్పాను. “అక్కకి చదవడం వచ్చేసింది!” అని వీధంతా చెప్పుకుని ఎగిరాడు. ఇక నోరు మెదపలేకపోయాను. ఆ అబద్ధం అలా ఉండిపోయింది.

వాడికి పద్దెనిమిది నిండిన ఏడు, ఒక మంగళవారం ఆ పుస్తకాన్ని నా బల్ల మీద పెట్టి, “వెన్ను ఊడింది అక్కా, నువ్వే కుట్టాలి. వేరేవాళ్ళకి ఇవ్వకు” అన్నాడు. గుమ్మం దగ్గర కాసేపు నిలబడ్డాడు. నాకు చేతినిండా పని, తల ఎత్తలేదు. గురువారం నిద్ర లేచేసరికి వాడి పక్క చుట్టి ఉంది. మాట లేదు, చీటీ లేదు. ఉత్తరం వస్తుందని ఎదురుచూశాను. వస్తే ఎవరితోనో చదివించుకోవాలన్న సిగ్గుతో అప్పుడు కూర్చుని చదువు నేర్చుకున్నాను. కార్డు మీది గీతలను, అట్ట మీది గీతలను పక్కపక్కన పెట్టుకుని, ఒక్కో అక్షరమే. నేర్చుకున్నది కూడా ఆ గుడ్లగూబ తాత పుస్తకంతోనే. ఉత్తరం మాత్రం రాలేదు. నాకు ఒక్క మాటైనా చెప్పకుండా ఎందుకు వెళ్ళాడన్నదే ఇన్నేళ్ళూ నన్ను తినేసిన ప్రశ్న. మా ఆయన నిద్రలోనే పోయినప్పుడు కూడా ముందు వాడే గుర్తొచ్చాడు. చెప్పకుండా వెళ్ళడం ఈయన వాడి దగ్గరే నేర్చుకున్నాడా అనిపించింది.

ఇదంతా జాబితా అమ్మాయికి చెప్పాను, ఆ అబద్ధం ఒక్కటి తప్ప. ఆమె నా వేలికి గుడ్డ చుట్టింది. తర్వాత యంత్రం ముందు కూర్చుని, గడియారాల పుస్తకం వివరాల కింద ‘గుడ్లగూబ తాత పుస్తకం’ అని చేర్చింది.

“ఇప్పుడు కొడితే దొరుకుతుందా?”

“మన సైటులో ఇప్పుడే దొరుకుతుంది. బయట మామూలుగా వెతికేవాళ్ళకి కనబడాలంటే నాలుగైదు రోజులు పడుతుంది.”

“ఈలోపు వాడు వెతకడం మానేస్తే?”

“మూడుసార్లు వెతికినవాళ్ళు నాలుగోసారి వెతకరా?”

“పోతే?” అన్నాను. “అరవై ఆరేళ్ళు వాడికి.”

“అమ్మమ్మా, మీరు ఊరికే మనిషిని చంపకండి.”

ఆ వారం నేను ఏ పుస్తకాన్నీ తిన్నగా కుట్టలేదు. రోజూ పొద్దున్నే ఆమె భుజం వెనక నిలబడేదాన్ని. “ఏమీ రాలేదు” అనేది, నేను అడగకముందే. తర్వాతి మంగళవారం మాత్రం కుర్చీలోంచి లేచి నన్ను కూర్చోబెట్టింది.

పుస్తకం కావలసినవాళ్ళు నింపే దరఖాస్తు అది. పేరు దగ్గర మా తమ్ముడి పేరు ఉంది, ఇంటిపేరుతో సహా. కింద ఇలా రాసి ఉంది:

‘ఈ పుస్తకం ఇంకా అరలో ఉంటే, చివరి అట్టకు ఉన్న జేబులో మడిచిన కాగితం ఒకటి ఉందేమో దయచేసి చూడండి. నలభై ఎనిమిదేళ్ళ నాటిది. బైండింగ్ గదిలో పనిచేసే మా అక్క కోసం పెట్టాను. ఆమె చదివిందో లేదో తెలిస్తే చాలు.’

వాడు చీటీ పెట్టాడు. నాకు మాట చెప్పాడు. ఆ రెండూ తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు. పుస్తకం నా బల్ల మీదే ఉంది, వారం నుంచీ. పరుగెత్తినట్టే వెళ్ళి చివరి అట్ట తెరిచాను. తారీఖుల కార్డు పెట్టే కాగితం జేబు ఖాళీగా ఉంది.

“ఎవరో తీసేసి ఉంటారు అమ్మమ్మా. ఇన్నేళ్ళలో ఎన్ని చేతులు మారిందో.”

నేను జేబు వంక చూస్తూ ఉండిపోయాను. అది పుస్తకంతో వచ్చిన జేబు కాదు. మూలలు ఏటవాలుగా కత్తిరించి ఉన్నాయి. ఈ లైబ్రరీలో అలా కత్తిరించేది నేనొక్కదాన్నే. వేళ్ళను వెన్ను మీదికి జరిపాను. కుట్టు చివర ముడి నాదే.

పుస్తకాన్ని దీపం కిందికి లాక్కున్నాను.

కుట్టు పనిలో ఒక పద్ధతి ఉంది. వెన్నుకు కొత్త గుడ్డ వేసేముందు బలం కోసం లోపల కాగితపు పట్టీలు అంటిస్తాం. దానికి కొత్త కాగితం వాడరు. జేబుల్లోంచి వచ్చే పాత కార్డులు, చీటీలు, పాఠకులు మరిచిపోయిన కాగితాలు ఒక ట్రేలో వేసుకుంటాం. కాస్త గట్టిగా ఉన్నది తీసి, వెన్ను వెడల్పుకు మడిచి, జిగురు పూసి అంటించేస్తాం. చదువు వచ్చిన బైండరైతే అంటించేముందు కాగితాన్ని ఒకసారి చూస్తాడు. ఆ రోజు పాత జేబు చింపి కొత్తది వేసింది చదువు రాని మనిషి.

“బ్లేడు ఇలా ఇవ్వు” అన్నాను.

“అయ్యో, పుస్తకాన్ని కోయాలంటే పెద్దసారుకి రాసి పెట్టాలి.”

“మీ పెద్దసారు పుట్టకముందు నేను కుట్టింది ఇది. నేను కుట్టింది నేను విప్పుతున్నా.”

గుడ్డ కోశాను. కదలకుండా ఆమె పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుంది. గుడ్డ కింద గోధుమ రంగుకు తిరిగిన కాగితం, నిలువుగా మూడు మడతలు. ఒక చివర నీలం పెన్ను గీత కనిపిస్తోంది. దూది తడిపి, పిండి జిగురు మెత్తబడేదాకా అద్దుతూ కూర్చున్నాను. చిన్న చాకు మొనతో అంగుళం అంగుళం లేపుతుంటే గంటకు పైగా పట్టింది. అద్దుడు కాగితం మీద పరిచాను. కొన్ని అక్షరాలు జిగురుతో లేచిపోయాయి. మిగిలినవి చదవగలను. ఇప్పుడు చదవగలను.

‘అక్కా, గురువారం పొద్దున ఆరింటి బస్సుకి వెళ్ళిపోతున్నా. గడియారాల పని నేర్పుతానని ఒకాయన రమ్మన్నాడు. నాన్నకి చెప్పలేదు. నువ్వు బస్సు దగ్గరికి వచ్చి ఆగమంటే ఆగిపోతా. రాకపోతే నువ్వు కూడా వెళ్ళమన్నావనే అనుకుంటా. అడ్రసు వెనకాల రాశా. నువ్వు రాస్తే నేను రాస్తా.’

వెనక్కి తిప్పాను. అడ్రసులో రెండు వరసలు మిగిలాయి.

నేను ఏడవలేదు. అంత తెలివి కూడా లేదు అప్పుడు. ఈ పుస్తకాన్ని వారం వారం దులిపింది నేను. ఒళ్ళో పెట్టుకుని, వెన్ను ఎడమ అరచేతిలో ఆనించుకుని, కూడబలుక్కుంటూ చదువు నేర్చుకున్నది ఈ పుస్తకంలోనే. వాడి ఉత్తరం చదవడం కోసమే నేర్చుకున్నాను. ఆ ఉత్తరం అప్పుడు నా అరచేతికీ అక్షరాలకూ మధ్య, వేలెడు మందాన ఉంది. పెట్టింది నేనే. జిగురు పూసి, ఊడిరాకుండా ఇనప ప్రెస్సులో ఒక రాత్రంతా బిగించింది కూడా నేనే.

“మంచినీళ్ళు తాగండి” అంది ఆమె.

“నాకు చదవడం రాదు” అన్నాను.

“ఏంటి?”

“అప్పుడు. వచ్చని వాడికి అబద్ధం చెప్పాను. నమ్మి ఉత్తరం రాశాడు.”

ఆమెకు అర్థమైంది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. కౌంటరు దగ్గర ఎవరో గంట కొడుతున్నారు, ఎవరూ లేవలేదు.

దరఖాస్తుకు జవాబు పంపడానికి తెర మీద రెండు గళ్ళు ఉంటాయి. దొరికింది, దొరకలేదు. ఏదో ఒకటి నొక్కాలి.

“దొరకలేదు అని నొక్కెయ్” అన్నాను.

“అమ్మమ్మా!”

“జేబులో లేదు కదా. అడిగింది జేబు గురించే. ఎవరో పారేశారని అనుకుంటాడు. ఇన్నేళ్ళు బతికినవాడు ఇంకో నాలుగేళ్ళు బతకలేడా? దొరికిందంటే ఎక్కడ, ఎలా అంటాడు. ఏం చెప్పను? నీ ఉత్తరాన్ని పట్టీ కింద వాడుకున్నాననా?”

ఆమె మౌస్ మీద చేయి వేయలేదు. “మూడుసార్లు వెతికితే మన యంత్రం లేదు, లేదు, లేదు అని చెప్పింది పాపం ఆయనకి. నాలుగోసారి కూడా లేదనే చెప్పమంటారా?” అంది.

నాకు కోపం వచ్చింది. ఆ పిల్ల మీద కాదు. లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను. తెల్ల కాగితం తీసుకుని, నా దస్తూరితోనే రాశాను.

‘తమ్ముడూ, నీ కాగితం ఈరోజు దొరికింది. పుస్తకం వెన్నులో ఉంది. పెట్టింది నేనే. నాకు అప్పుడు చదవడం రాదు. వచ్చని నీకు అబద్ధం ఆడాను. నువ్వు వెళ్ళాలని నేను ఎప్పుడూ అనుకోలేదు.’

ఆమె రెండు కాగితాలనూ స్కాను చేసి, ‘దొరికింది’ నొక్కి పంపింది. ఇంటికి బయల్దేరుతున్నప్పుడు రోజూలాగే ఆమె మలుపు తిరిగేదాకా నిలబడి చూశాను.

మర్నాడు నేను సంచీ దించకముందే ఆమె గుమ్మంలో నిలబడి ఉంది.

“వచ్చింది. నేను చదవనా?”

“నేను చదువుకుంటా.”

అద్దాలు తుడుచుకుని కూర్చున్నాను.

‘అక్కా, నీకు చదవడం రాదని నాకు అప్పుడే తెలుసు. ఒకసారి పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుని పేజీన్నర చదివేశావు. నువ్వు సిగ్గుపడతావని తెలియనట్టు ఉన్నాను. తెలిసే ఆ చీటీ పెట్టాను. నోటితో చెబితే నువ్వు ఆపుతావు, నేను ఆగిపోతాను. చెప్పకుండా పోవడానికి మనసొప్పలేదు. చదవలేవని తెలిసి రాసి, చెప్పానని అనిపించుకున్నాను. అయినా ఎవరితోనైనా చదివించుకుంటావేమోనని ఆరింటి బస్సు వదిలేసి, ఏడున్నర దాకా నిలబడ్డాను. నువ్వు రాలేదు. రాలేవని తెలిసీ నీ మీద అలిగాను. ఇన్నేళ్ళూ ఏ మొహంతో రాయాలో తెలియక రాయలేదు. ఇప్పుడు నా కంటికి కూడా భూతద్దం. మనవరాలు నన్ను గుడ్లగూబ తాతా అని పిలిచింది పోయిన నెల, తనంతట తానే. ఆ రోజే వెతికాను.’

రెండోసారి చదివాను. మూడోసారి చదివాను. అక్షరాలు మారలేదు.

ఇంతకాలం నా అబద్ధం వాడిని మోసం చేసిందనుకున్నాను, ఈ క్షణం దాకా. వాడికి తెలుసు. తెలిసి, ఎగిరి గంతులేసి, వీధంతా చెప్పాడు. తెలిసి నా బల్ల మీద పెట్టి గుమ్మంలో నిలబడ్డాడు. నేను తల ఎత్తి ఉంటే అన్న ఆలోచన రాగానే దాన్ని అక్కడే తుంచేశాను.

“తలకిందులుగానా?” అంది జాబితా అమ్మాయి, చిన్నగా.

“పేజీన్నరట” అన్నాను. నవ్వో మరేదో గొంతులోంచి వచ్చింది, నాకే భయం వేసింది దాని చప్పుడు విని. “వెధవ. ఒక్క మాట అనలేదు చూడు.”

“ఏం రాయమంటారు?”

“నువ్వు లే. నేనే కొడతా.”

యాభై ఏళ్ళు ఆ లైబ్రరీలో ఉన్నాను కానీ ఆ మీటల మీద ఎప్పుడూ వేలు పెట్టలేదు. గుడ్డ చుట్టిన బొటనవేలు అడ్డం వస్తోంది. చూపుడువేలితో, ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ కొట్టాను. తప్పు పడితే ఆమె చెరిపి పెట్టింది. చాలాసేపు పట్టింది. కౌంటరు దగ్గర మళ్ళీ గంట మోగుతోంది.

‘తమ్ముడూ, నీ సంగతి నువ్వు వచ్చాక తేలుస్తా. ఇప్పుడు నాకు చదవడం వచ్చు. ఏ రోజో, ఎన్నింటి బస్సో రాయి. ఈసారి ముందే వచ్చి నిలబడతా.’